సేవ అనే ముసుగు – మన సాహిత్యంలో నర్సు దుఃఖం

శ్రమజీవి సాహిత్యానికి నాయకుడు కావాలని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచి ఈ మాట మన విమర్శకు గీటురాయిగా ఉంటూ వచ్చింది. రైతుకూలీ వచ్చాడు, నేతపనివాడు వచ్చాడు, గనికార్మికుడు వచ్చాడు, బీడీలు చుట్టే స్త్రీ వచ్చింది. శ్రమచేసే చేతిని చూడడం మన రచయితలు నేర్చుకున్నారు. ఇది చిన్న విజయం కాదు. కాని శ్రమ చేతితోనే ముగుస్తుందా? దుఃఖాన్ని దిగమింగడం కూడా పనిలో భాగమైనచోట, ఆ దిగమింగడాన్ని శ్రమగా మన సాహిత్యం గుర్తించిందా?

ఈ ప్రశ్న మొదట నాకు గ్రంథాల్లో ఎదురుకాలేదు. నా దగ్గర పదోతరగతి వరకు తెలుగు చదువుకుని, ఇప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉన్న ఒక అమ్మాయి వేసింది. దుబ్బాక వైపు పల్లె వాళ్లది. తల్లి బీడీలు చేస్తుంది. దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చి, చాలాసేపు మామూలు మాటలు మాట్లాడి, లేచి వెళ్లబోతూ అడిగింది: "సార్, మాకు గన్ని కథలు చెప్పిండ్రు గద. గండ్ల ఏ కథలనన్న నర్సు ఏడ్సిందా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. మళ్లీ కూర్చోమన్నాను. ఆమె చెప్పింది ఇది.

ఆడవాళ్ల వార్డులో ఒక ముసలామె పదకొండు రోజులు ఉంది. కొడుకులు వచ్చిపోయేవాళ్లే తప్ప దగ్గర కూర్చునేవాళ్లు లేరు. ఈ అమ్మాయి ఆమెను ‘అవ్వా’ అని పిలిచేది. జావ తాగించేది, వీపుకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పేది, గుడ్డలు మార్చేది. ముసలామె ఈమెను ‘బిడ్డా’ అనేది. ఒక రాత్రి డ్యూటీలో, తెల్లవారుజామున, అవ్వ ప్రాణం పోయింది. పెద్ద సిస్టర్ వచ్చి చేయవలసినవి ఒక్కొక్కటే చెప్పింది. కనురెప్పలు మూయాలి. గాజుగుడ్డతో దవడ కట్టాలి. కాళ్లూ చేతులూ బిగుసుకోకముందే చాపాలి. ఒళ్లు తుడవాలి, దూది పెట్టాలి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టాలి, పేరు రాసిన చీటీ కట్టాలి, దుప్పటి కప్పాలి. "చేతులు వణికినయి సార్. గని ఒక్కటి తప్పు చెయ్యలే" అంది. అంతా అయ్యేసరికి ఆరయింది. మిగతా పడకలవాళ్లకు టెంపరేచర్ చూసే వేళ. చూసింది. తర్వాత బాత్రూములోకి పోయి, నల్లా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ముఖం కడుక్కుని బయటికి వస్తే పెద్ద సిస్టర్ కోప్పడలేదు, మామూలుగానే అంది: ప్రతిదానికీ ఏడిస్తే ఈ పని చెయ్యలేవమ్మా అని. మధ్యాహ్నానికి ఆ పడక మీద ఇంకో మనిషి ఉంది.

ఆ పదకొండు రోజుల గురించి ఆమె రాసింది ఒకటే పేజీ, అదీ ప్రాక్టికల్ రికార్డులో. వయసు, పడక నంబరు, జబ్బు, ఇచ్చిన మందులు, చివర ‘ఎక్స్‌పైర్డ్’ అనే మాట, ఎదురుగా గంటా నిమిషమూ. వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ని కనుక నా దృష్టి ముందుగా కర్తృపదం మీదికి పోయింది. ఆ పేజీలో కర్త లేదు. మందు ఇవ్వబడింది, పడక మార్చబడింది, రోగి మరణించినట్టు గుర్తించబడింది. రెప్పలు మూసిన చెయ్యి ఎవరిదో ఆ వాక్యాల్లో ఎక్కడా లేదు. మన పల్లెల్లో చావుకు ఎన్ని మాటలున్నాయి! పానం పోయింది, కాలం చేసింది, ఒడిసిపోయింది, దాటిపోయింది. ప్రతి మాటలోనూ పోయిన మనిషిపట్ల ఏదో ఒక సంబంధం ఉంది. రికార్డులోని మాట మందుబిళ్లల అట్టమీద గడువు తీరిన తేదీకి వాడే మాటే. రికార్డు అట్లాగే ఉండాలి, అందులో కవిత్వం రాయమని ఎవరూ అడగరు. అయితే రికార్డు వదిలేసినదాన్ని రాయవలసిన పని ఎవరిది? ఆ పని సాహిత్యానిది. మనం ఆ పని చేశామా అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పెద్ద సిస్టర్ కఠినురాలనీ, చిన్న అమ్మాయి సున్నితమైనదనీ కథ అల్లడం తేలిక. అది తప్పు కథ అవుతుంది. 1950ల చివర లండన్‌లో ఒక బోధనాసుపత్రి నర్సింగ్ వ్యవస్థను ఇసబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు పరిశీలించింది. రోగిని పేరుతో కాక పడక నంబరుతోనో చెడిపోయిన అవయవంతోనో ప్రస్తావించడం, విద్యార్థినులను వార్డునుంచి వార్డుకు తరచు మార్చడం, ఒక మనిషి ఆలనాపాలనను చిన్నచిన్న పనులుగా ముక్కలు చేసి పలువురికి పంచడం ఆమె గమనించింది. ఇవి కేవలం పని సౌలభ్యం కోసం పుట్టినవి కావనీ, బాధా మరణమూ కలిగించే ఆందోళన నుంచి కాపాడుకోవడానికి సంస్థ కట్టుకున్న గోడలనీ తేల్చింది. ఆ గోడలు ఆందోళనను తగ్గించలేదు. విద్యార్థినుల్లో దాదాపు మూడోవంతు మంది చదువు పూర్తికాకుండానే వెళ్లిపోతుండేవారు. 1967లో అమెరికాలో జీన్ క్వింట్ అనే నర్సు ఈ విషయం మీదనే పుస్తకం రాసి, నర్సింగ్ బడులు బతికించడం నేర్పుతున్నంతగా చనిపోయేవారి పక్కన నిలబడడం నేర్పడం లేదనీ, ఆ పాఠాన్ని విద్యార్థినుల అదృష్టానికి వదిలేస్తున్నారనీ చూపింది. పెద్ద సిస్టర్ అన్న మాట ఆమె సొంతం కాదు, ఆమెకూ ఎవరో ఒక తెల్లవారుజామున అదే మాట చెప్పి ఉంటారు. పనిని ముక్కలు చేసి, పనివాడిని తన పని ఫలితం నుంచి విడదీయడాన్ని మనం ఫ్యాక్టరీ విషయంలో పరాయీకరణ అంటాం. వార్డులోనూ అదే జరుగుతోంది. ఇక్కడ విడదీయబడుతున్నది సాటిమనిషితో సంబంధం.

మన ప్రాంతపు పిల్లల విషయంలో దీనికి మరో కోణం ఉంది. 2018లో సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలకు ఆసుపత్రి ఉద్యోగం ఇప్పుడు కంటికెదురుగా కనిపిస్తున్న దారి. వీళ్లు వచ్చింది చావును అందరూ కలిసి మోసే సమాజం నుంచి. పల్లెలో ఒకరు పోతే వాడంతా వస్తుంది. వచ్చిన ఆడవాళ్లు చనిపోయిన మనిషిని వరసపెట్టి పిలిచి, చేసిన మంచిని ఒక్కొక్కటే ఎత్తి శోకం పెడతారు. డప్పు మోగుతుంది. మూడోనాడు పిట్టకు పెడతారు, తర్వాత దినం చేస్తారు. ఏడవడం అక్కడ బలహీనత కాదు, వచ్చినవాళ్ల బాధ్యత. ఏడవకపోతేనే తప్పు పడతారు. అటువంటి ఊరినుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల, ఏడవడమే తప్పయిన గదిలోకి అడుగుపెడుతుంది. ‘అవ్వా’ అన్న పిలుపుతో ఆమెకు వరస కుదిరింది, వరసతో పాటు శోకం పెట్టే హక్కూ రావాలి. కాని ఆసుపత్రి ఆ పిలుపును వాడుకుంటుంది, ఆ హక్కును ఇవ్వదు. ముసలామె జావ తాగింది ఆ పిలుపు వల్లనే. పిలుపు పనికివచ్చింది, దాని పర్యవసానం మాత్రం ఆ పిల్ల సొంత వ్యవహారమైంది. నల్లా చప్పుడు మాటున ఏడవడంలోని విషాదమంతా ఇక్కడ ఉంది.

ఇక మన సాహిత్యం సంగతి చూద్దాం. జబ్బునూ చావునూ మన కథకులు పట్టించుకోలేదనడం అన్యాయం. చాసో ‘వాయులీనం’లో జబ్బుచేసిన రాజ్యాన్ని బతికించుకోవడానికి ఆమె వాయులీనమే అమ్ముడుపోతుంది. మధ్యతరగతి ఇంట్లో ఆరోగ్యం ఖరీదు ఎంతో, అది దేన్ని తీసుకుపోతుందో ఆ కథ చెప్పినంత నిబ్బరంగా చెప్పిన కథలు తక్కువ. కాళీపట్నం రామారావు ‘చావు’లో పేదల వాడలో ఒక ముసలి ప్రాణం పోతే కట్టెల కోసం పడే పాటు ఉంది. చావులో కూడా వర్గం ఉంటుందని ఆ కథ చదివినవాళ్లు మరిచిపోలేరు. అంటే, చావు ఇంటికి ఎంత ఖర్చో లెక్కకట్టడం మనకు తెలుసు. కాని ఈ కథలు ఇంటిదగ్గర జరుగుతాయి. ఆనాడు చావు ఎక్కువగా ఇంట్లోనే సంభవించేది కనుక అది సహజం. చావు ఇల్లు వదిలి వార్డుకు వెళ్లినప్పుడు కథ దాని వెంట వెళ్లిందా?

వెళ్లినచోట అది డాక్టరు భుజాల మీదుగా చూసింది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలలో దయానిధి డాక్టరు. కొమ్మూరి వేణుగోపాలరావు స్వయంగా వైద్యుడు, ‘హౌస్ సర్జన్’ రాశారు. డాక్టరు కాబోతున్న యువకుని మనసుకు తెలుగులో ఒక నవల దొరికింది. అదే వార్డులో, అదే రాత్రి, అదే వయసులో ఉన్న నర్సింగ్ విద్యార్థినికి అటువంటి స్థానం దక్కలేదు. ఇది యాదృచ్ఛికం కాదు. డాక్టరు సందేహం తాత్విక సమస్యగా, నర్సు కన్నీరు స్త్రీ స్వభావంగా చూడడం మనకు అలవాటు. సమస్యకు కథ కావాలి, స్వభావానికి అక్కరలేదు.

నర్సు మనసును నేరుగా ముట్టుకున్న ఉదాహరణ ఒకటి మనకు సినిమాలో ఉంది. గుత్తా రామినీడు దర్శకత్వంలో 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’కి పైన చెప్పిన నవలతో పేరు తప్ప సంబంధం లేదు. అది బెంగాలీలో ఆశుతోష్ ముఖోపాధ్యాయ్ రాసిన కథ ఆధారంగా వచ్చిన చిత్రానికి తెలుగు రూపం. మానసిక రోగుల ఆసుపత్రిలో ప్రేమ నటించి రోగిని బాగుచేసే ప్రయోగానికి ఒక నర్సును నియోగిస్తారు. సావిత్రి ఆ పాత్ర వేసింది. రోగి బాగై వెళ్లిపోతాడు. ఆమె మతి చలించి అదే ఆసుపత్రిలో రోగి అవుతుంది. వైద్యం ఆమె మమతను మందులాగా వాడుకుంది, మందు సీసా ఖాళీ అయ్యాక సీసా ఏమైందని ఎవరూ అడగలేదు. ఇంత పదునైన విషయం చేతికి వచ్చినా ప్రేమకథ దాన్ని మింగేసింది. ఆమె ప్రేమలో ఓడిన స్త్రీగా మనకు గుర్తుండిపోయింది, పనిలో నలిగిన మనిషిగా గుర్తులేదు. మరణం పక్కన నిలబడే నర్సు కథ రాయబోయేవారు ఈ ప్రమాదాన్ని గమనించాలి.

ఎందుకిలా జరుగుతోంది? నా ఉద్దేశంలో దీనికి మూలం ‘సేవ’ అనే మాటలో ఉంది. లాంగ్‌ఫెలో 1857లో రాసిన పద్యం ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను దీపం పట్టుకున్న దేవతగా లోకానికి ఇచ్చింది. సైనికుల మరణాల లెక్కలు కట్టి, పటాలు గీసి, మురుగుకూ మరణానికీ సంబంధం చూపి ప్రభుత్వంతో పోట్లాడిన నైటింగేల్ ఆ దీపం వెలుగులో కనపడకుండా పోయింది. మన దేశానికి వచ్చేసరికి ఈ దేవత బొమ్మకు కులం తోడయింది. తెలుగునాట నర్సు వృత్తి క్రైస్తవ మిషన్ ఆసుపత్రుల ఆవరణల్లో రూపు దిద్దుకుంది. అన్నా కుగ్లర్ గుంటూరులో నెలకొల్పిన ఆసుపత్రి 1898లో ప్రారంభమైంది, డిచ్‌పల్లిలో కుష్టురోగుల ఆసుపత్రి 1915లో వచ్చింది. పరాయి శరీరాన్ని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, శవాన్ని కడగడం పైకులాల దృష్టిలో మైల. కనుక ఈ పనికి ముందుకు వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబాల, దళిత కుటుంబాల స్త్రీలూ, వితంతువులూ ఎక్కువ. సమాజం ఆ చేతులను ఒకపక్క మైల అని దూరం పెట్టింది, ఇంకోపక్క దేవత అని దండం పెట్టింది. రెండింటిలోనూ ఆమెను సాటి మనిషిగా చూడకుండా తప్పించుకుంది. సేవ అన్నచోట జీతం అడగడం తప్పు, అలిసిపోవడం తప్పు, ఏడవడం ఇంకా తప్పు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కమిటీ 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గరాదని చెప్పవలసి వచ్చిందంటే, ఈ దేవతలకు మనం ఎంత ఇస్తూ వచ్చామో ఊహించవచ్చు.

కరోనా కాలం ఈ ముసుగును ఒకసారి తొలగించింది. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించి ఉంది. మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టింది. మన పత్రికల్లో తెల్లకోటు మీదా, తెల్లదుస్తుల దేవతల మీదా కవితలు వచ్చిపడ్డాయి. అయినవాళ్లను లోపలికి రానివ్వని ఆ వార్డుల్లో చివరిచూపు చూసింది నర్సులే. అదే సంవత్సరం జూలైలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు ఉద్యోగ భద్రత కోసం ఆందోళనకు దిగారు. ఔట్‌సోర్సింగ్‌కు మన ప్రభుత్వ తెలుగు ‘పొరుగు సేవలు’. ఇక్కడా సేవే! చప్పట్ల మీద వచ్చినన్ని కవితలు ఆ ఆందోళన మీద వచ్చాయా అని మనల్ని మనం అడుగుకోవాలి.

ఇక్కడ మనలోంచే ఒక అభ్యంతరం రావచ్చు. సిబ్బంది కొరత, జీతాలు, ప్రైవేటు దోపిడీ అసలు సమస్యలు కదా, ఒక విద్యార్థిని కన్నీటిని పట్టుకుని వేళ్లాడడం వ్యక్తివాదం కాదా అని. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. కన్నీటిని కారణాల నుంచి విడదీసి చూపితే అది వ్యక్తివాదమే అవుతుంది. కాని ఆర్లీ హోక్‌షిల్డ్ 1983లో విమాన పరిచారికల మీద రాసిన పుస్తకంలో ఒక సంగతి రుజువుచేసింది. పరిచారిక చిరునవ్వు ఆమె స్వభావం కాదు, కంపెనీ కొనుక్కున్న సరుకు, ఆ నవ్వును తయారుచేయడానికి ఆమె లోపల చేసే పని కూడా శ్రమే. దాన్ని ఉద్వేగశ్రమ అందాం. అక్కడ నవ్వడం పని అయితే ఇక్కడ ఏడవకపోవడం పని. ఆ పనికి జీతపు పట్టీలో గడి లేదు, విద్యార్థినికైతే జీతమే లేదు. కనిపించని శ్రమను కనిపించేట్టు చేయడం అభ్యుదయ సాహిత్యం పని కాకపోతే మరేమిటి?

పైగా ఆ కన్నీటిలో జ్ఞానం ఉంది. ఆ అమ్మాయి మరొక మాట చెప్పింది. అవ్వ పోయినందుకు కంటే, అంతకుముందు వచ్చిన ఒక క్యాన్సర్ మనిషి నొప్పితో అరుస్తుంటే ఏమీ చేయలేక నిలబడ్డందుకు ఎక్కువ ఏడ్చానంది. అంటే ఆమె దుఃఖం రెండు రకాలు. ఒకటి తప్పనిసరి మరణానిది. రెండోది తప్పించగలిగిన బాధది. మొదటిదానికి ఓదార్పు కావాలి, రెండోదానికి జవాబు కావాలి. సిసిలీ సాండర్స్ యుద్ధకాలంలో నర్సుగా పనిచేసి, ఆ తర్వాత వైద్యం చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించింది. చనిపోయేవారి నొప్పి ఒంటినొప్పి మాత్రమే కాదనీ, అందులో మనసూ, కుటుంబమూ, డబ్బూ, నమ్మకాలూ కలిసి ఉంటాయనీ చెప్పింది. ఆమె ఈ సత్యాన్ని రోగుల పక్కన కూర్చుని తెలుసుకుంది. కోజికోడ్‌లో 1993లో పుట్టిన సంస్థ ఉపశమన వైద్యాన్ని ఊరి జనం చేతికి తెచ్చింది. మన దేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టం కట్టుబాట్ల మూలంగా నొప్పి తగ్గించే మార్ఫిన్ అవసరమైన రోగికి దొరకడం కష్టమైంది, ఆ చట్టాన్ని సవరించడానికి 2014 దాకా పట్టింది. ఆ మధ్య సంవత్సరాల్లో వార్డుల్లో వినిపించిన అరుపులకు దగ్గరగా నిలబడినవాళ్లలో నర్సులూ, నర్సింగ్ విద్యార్థినులూ ఉన్నారు. ఏది విధి, ఏది నిర్లక్ష్యం అన్నది వాళ్లకు తెలుసు. వాళ్ల కన్నీరు సాక్ష్యం. సాక్షిని బాత్రూములోకి పంపి నల్లా విప్పుకోమంటున్నది వ్యవస్థ.

ఈ వస్తువును స్వీకరించే రచయితకు కొన్ని బాధ్యతలు ఉన్నాయి. దేవతను రాయవద్దు. బలిపశువునూ రాయవద్దు, ఆమెకు ఆ పనిలో నైపుణ్యం ఉంది, ఆ నైపుణ్యంలో గర్వం ఉంది. ‘ఒక్కటి తప్పు చెయ్యలే’ అన్న వాక్యంలో ఉన్నది దుఃఖం మాత్రమే కాదు. కన్నీటిని వర్ణించడం కంటే దవడకట్టు ఎలా కడతారో సరిగ్గా చెప్పడం మేలు, పాఠకుని గొంతు దానంతట అదే పట్టుకుంటుంది. పెద్ద సిస్టర్‌ను కూడా అర్థం చేసుకోవాలి, ఆమె ఎన్ని రెప్పలు మూసి ఆ మాట దగ్గరికి చేరిందో చూపాలి. ఆమె ఏ ఊరినుంచి, ఏ కులంనుంచి, ఏ అప్పు చేసి ఆ చదువుకు వచ్చిందో దాచవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె మాట ఆమె నోటనే రావాలి. మనం ఆమె తరఫున రాసే కథ మొదటి మెట్టు మాత్రమే.

మన సంఘాలు కథాకార్యశాలలు పెడుతున్నాయి. పిలిచినవాళ్లనే మళ్లీ పిలుస్తున్నాం. ఈసారి నర్సింగ్ విద్యార్థినులు పదిమందిని పిలుద్దాం. రికార్డు పుస్తకంలో పట్టని సంగతిని ఒక్క పేజీ, వాళ్ల ఇంటిభాషలో, కర్తృపదం విడవకుండా రాయమందాం. సంకలనాల ప్రస్తావన, శిల్పచర్చ తర్వాత చూసుకోవచ్చు. ఆ అమ్మాయి వెళ్లేటప్పుడు నేను ఒక తెల్లకాగితాల నోటుబుక్కు ఇచ్చాను. తీసుకుంది, రాస్తానని మాత్రం అనలేదు. "నైట్ డ్యూటీల టైం దొర్కది సార్" అంది. ఆ జవాబును కూడా మన విమర్శ లెక్కలోకి తీసుకోవాలి.